పిడుగు మాట విన్న పోపోవ్



ఈసారి గోడపత్రికకి ఒక్కొక్కరు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయాలని తెలుగు సార్ చెప్పారు. గాంధీ గారిని, అంబేద్కర్ గారిని, అల్లూరి సీతారామరాజు గారిని, సావిత్రీబాయి ఫూలే గారిని మా క్లాసు వాళ్ళు ముందే తీసేసుకున్నారు. నేను రష్యా దేశపు శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్తెపనోవిచ్ పోపోవ్ గారి గురించి రాస్తున్నాను. దూరాన వచ్చే ఉరుములు మెరుపుల్ని రేడియో తరంగాలతో పసిగట్టే యంత్రం మొదట తయారు చేసింది ఆయనే. ఆయన చనిపోయి వంద సంవత్సరాలు దాటిపోయింది. ఈయన్నే ఎందుకు రాస్తున్నానని మా బెంచీ వాళ్ళు అడిగారు. చివర్లో చెబుతాను, చివరిదాకా చదవండి.

బాల్యము

పోపోవ్ గారు 1859వ సంవత్సరం మార్చి 16వ తేదీన ఉరల్ కొండల్లో ఒక రాగి గనుల ఊరిలో జన్మించారు. ఆ ఊరిని ఇప్పుడు క్రాస్నోతురిన్స్క్ అంటారు. తండ్రి చర్చిలో పూజారి. ఇంట్లో ఏడుగురు పిల్లలు. డబ్బులు తక్కువ. ఆయన చిన్నతనంలో గనుల దగ్గర యంత్రాలు చూసి, వాటిలాంటి బొమ్మలు చేసి ఆడుకునేవారు.

పూజారుల పిల్లలకి చర్చి బడుల్లో ఫీజు ఉండేది కాదు. అందుకని పదేళ్ళ వయసులోనే ఆయన్ని ఇల్లు వదిలి దూరం ఊరి బడికి పంపించారు. తర్వాత పెర్మ్ అనే పట్నంలో చదివారు. అక్కడ దేవుడి చదువే ఎక్కువ. కానీ ఆయనకి లెక్కలు, సైన్సు అంటేనే ఇష్టం.

ఇది చదువుతుంటే నాకు నేను అయిదో తరగతిలో ట్రంకుపెట్టె పట్టుకుని ఈ హాస్టలుకి వచ్చిన రోజు గుర్తొచ్చింది. మీ అందరికీ కూడా మీ మొదటి రోజు గుర్తుండే ఉంటుంది. అయితే ఒక తేడా ఉంది. పోపోవ్ గారి నాన్నకి చదువు వచ్చు. మా ఇంట్లో అక్షరం నేర్చింది నేనే మొదట. మేము యానాదులం. మా ఇల్లు మంగళగిరి అవతల కాలవ కట్ట మీద. మా నాయన, మా మామలు చేపలు పడతారు, పొలాల్లో ఎలుకలు పడతారు, చేలకి కాపలా ఉంటారు.

పెద్ద చదువు, ఉద్యోగము

1877లో పోపోవ్ గారు సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఖర్చులకి చాలక పిల్లలకి ట్యూషన్లు చెప్పారు. కరెంటు దీపాలు పెట్టే కంపెనీలో పనిచేశారు. అలా పని చేసుకుంటూనే 1882లో చదువు పూర్తి చేశారు. 1883లో రైసా బొగ్దానోవా గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమె డాక్టరు చదువు చదివి డాక్టరయ్యారు. ఆ రోజుల్లో రష్యాలో ఆడవాళ్ళు డాక్టరు కావడం చాలా అరుదు.

అదే సంవత్సరం క్రోన్‌స్టాట్ అనే రేవులో నౌకాదళం వారి బడిలో పోపోవ్ గారికి ఉద్యోగం వచ్చింది. ఓడల మీద పనిచేసే అధికారులకి కరెంటు పాఠాలు చెప్పాలి. 18 సంవత్సరాలు అక్కడే పాఠాలు చెప్పారు. ఆ బడిలో పరికరాలు, పుస్తకాలు బాగా ఉండేవి. ఆయన పాఠం నోటితో చెప్పి ఊరుకునేవారు కాదు, ప్రయోగం చేసి చూపించేవారు.

పిడుగుకి మోగిన గంట

1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త, కరెంటు నిప్పురవ్వ ఎగిరినప్పుడు కంటికి కనిపించని తరంగాలు పుడతాయని ప్రయోగం చేసి చూపించారు. వాటినే మనం రేడియో తరంగాలు అంటున్నాము. అవి సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతాయి.

పోపోవ్ గారికి ఈ సంగతి బాగా పట్టింది. చిన్న నిప్పురవ్వకే తరంగం పుడితే, ఆకాశంలో మెరుపు కంటే పెద్ద నిప్పురవ్వ ఏముంటుంది?

ఆయన చేసిన యంత్రం ఇలా ఉంటుంది. ఒక చిన్న గాజు గొట్టంలో ఇనుప రజను పోస్తారు. మామూలుగా ఆ రజనులోంచి కరెంటు సరిగా పోదు. రేడియో తరంగం తగిలితే రజను రేణువులు ఒకదానికొకటి అతుక్కున్నట్టయి కరెంటు పోతుంది. అప్పుడు గంట మోగుతుంది. గంట కొట్టే సుత్తి వెనక్కి వచ్చేటప్పుడు గాజు గొట్టం మీద ఒక దెబ్బ వేస్తుంది. రజను మళ్ళీ విడిపోతుంది. యంత్రం ఇంకో తరంగం కోసం సిద్ధమవుతుంది. రజను గొట్టం బ్రాన్లీ, లాడ్జ్ అనే శాస్త్రవేత్తలు ముందే వాడారు. దానంతట అదే దెబ్బ వేసుకుని మళ్ళీ సిద్ధమయ్యేలా గంటతో కలపడం, తరంగాలు పట్టడానికి పైకి పొడుగాటి తీగ కట్టడం పోపోవ్ గారి తెలివి.

1895వ సంవత్సరం మే 7వ తేదీన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో శాస్త్రవేత్తల సభలో ఈ యంత్రం చూపించారు. అందుకే రష్యాలో ఇప్పటికీ మే 7న రేడియో దినోత్సవం చేస్తారు. ఆ ఎండాకాలంలోనే అక్కడి అడవుల కళాశాలలో దీన్ని పెట్టారు. గంటతో పాటు కాగితం మీద గీత గీసే కలం కూడా పెట్టారు. దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో మెరిసినా కలం గీత గీసేది. అంత దూరం ఉరుము మన చెవికి వినబడదు. మెరుపు పంపిన రేడియో తరంగానికి మాత్రం 30 కిలోమీటర్లు రావడానికి సెకనులో పదివేలవ వంతు చాలు.

మీకు నమ్మకం కలగకపోతే ఒక మాట చెబుతాను. మా తాత దగ్గర పాత రేడియో ఉండేది. విజయవాడ స్టేషను పెట్టి పాటలు వినేవాడు. మబ్బు ఇంకా కొండ అవతల ఉన్నప్పుడే రేడియో మధ్యమధ్యలో కరకర అనేది. తాత వెంటనే వలలు తీయమని అందర్నీ కేకేసేవాడు. రేడియోకి ముందే తెలుసు అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. తాత చెప్పింది నిజమేనని ఈ వ్యాసం కోసం చదివాకే నాకు తెలిసింది. ఆ కరకర మెరుపు మాటే. పోపోవ్ గారు విన్నదీ అదే.

అవే సంవత్సరాల్లో మన దేశంలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గారు కూడా రేడియో తరంగాల మీద గొప్ప ప్రయోగాలు చేశారు. ఇటలీ దేశపు మార్కోనీ గారు 1896లో ఇంగ్లండులో పేటెంటు అడిగి, కబుర్లు పంపే కంపెనీ పెట్టారు. రేడియో ఎవరు కనిపెట్టారని ఇప్పటికీ దేశాలు వాదించుకుంటాయి. నాకైతే ఒకరు ఎక్కువ ఒకరు తక్కువ అనిపించలేదు. ముగ్గురూ కష్టపడ్డారు.

మంచు మీద చిక్కుకున్న జాలరులు

పోపోవ్ గారి జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది.

1899 చివర్లో రష్యా యుద్ధనౌక ఒకటి గోగ్లాండ్ అనే దీవి దగ్గర రాళ్ళెక్కి కూర్చుంది. చుట్టూ సముద్రం గడ్డకట్టింది. దీవికి తీగ వేయడం కుదరదు. అప్పుడు పోపోవ్ గారు, ఆయన సహాయకుడు రిబ్కిన్ గారు దీవిలో ఒకటి, ఒడ్డున కోట్కా అనే ఊరి దగ్గర ఒకటి రేడియో స్టేషన్లు పెట్టారు. మధ్య దూరం 40 కిలోమీటర్లకు పైనే. పిడుగు కోసం చేసిన యంత్రమే కొంచెం మారి, ఇప్పుడు మనిషి పంపిన మాట వినడానికి పనికొచ్చింది.

1900 ఫిబ్రవరి మొదట్లో ఒడ్డు నుంచి దీవికి ఒక కబురు వెళ్ళింది. చేపలు పట్టడానికి పోయిన జాలరులు ఒక మంచుగడ్డ మీద ఉండిపోయారు. ఆ గడ్డ ఒడ్డు నుంచి విడిపోయి సముద్రంలోకి కొట్టుకుపోతోంది. దీవి దగ్గర యెర్మాక్ అనే ఓడ ఉంది. అది మంచుని పగలగొట్టుకుంటూ పోయే ఓడ. కబురు అందగానే అది బయలుదేరి ఆ జాలరులని ప్రాణాలతో తీసుకొచ్చింది. కబురు రేడియోలో వెళ్ళకపోయి ఉంటే వాళ్ళు ఉన్న సంగతే ఓడకి తెలిసేది కాదు.

మా వాళ్ళు కూడా నీళ్ళ మీద బతికేవాళ్ళే. అందుకే ఈ భాగం రెండుసార్లు చదువుకున్నాను.

చివరి రోజులు

1901లో పోపోవ్ గారు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని విద్యుత్ సాంకేతిక సంస్థలో ప్రొఫెసరయ్యారు. 1905లో తోటి ప్రొఫెసర్లు ఆయన్నే డైరెక్టరుగా ఎన్నుకున్నారు. ఆ సంవత్సరం రష్యా అంతా గొడవలుగా ఉంది. విద్యార్థులు సభలు పెట్టుకుంటే ఆపాలని ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. పోపోవ్ గారు తన విద్యార్థుల పక్కనే నిలబడ్డారు. ఆ ఆందోళనలో ఆరోగ్యం చెడిపోయి, మెదడులో నరం చిట్లి 1906వ సంవత్సరం జనవరి 13వ తేదీన మరణించారు. అప్పటికి ఆయన వయసు 46 సంవత్సరాలే.

ఆయన తర్వాత తెలిసిన సంగతులు

మెరుపు లోపల ఏం జరుగుతుందో పోపోవ్ గారి కాలంలో తెలియదు. 1930ల్లో దక్షిణ ఆఫ్రికాలో షాన్‌లాండ్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసేవాళ్ళు, చాలా వేగంగా కదిలే కెమెరాతో మెరుపుల ఫోటోలు తీసి కనిపెట్టారు. మనం చూసే పెద్ద వెలుగు కంటే ముందు, మబ్బులోంచి ఒక సన్నని దారి కిందికి దిగుతుంది. దాన్ని లీడర్ అంటారు. మనకి క్లాస్ లీడర్ ముందు నడిచి లైను ఎలా తీసుకుపోతుందో అలాగన్నమాట. అది ఒక్కసారిగా దిగదు. ఒక అంగ వేసి ఆగుతుంది, మళ్ళీ ఒక అంగ వేసి ఆగుతుంది. ఒక్కో అంగ సుమారు 50 మీటర్లు. మంగళగిరి గాలిగోపురం 153 అడుగులు, అంటే దాదాపు అంతే. గోపురం ఎత్తున ఒక్కో అంగ వేసుకుంటూ పిడుగు దిగుతుందని అనుకోండి. అంగకీ అంగకీ మధ్య ఆగేది సెకనులో ఇరవై వేలవ వంతు మాత్రమే. అందుకే కంటికి తెలియదు.

లీడర్ నేలకి దగ్గరయ్యేటప్పుడు కింద ఎత్తుగా ఉన్నవాటి నుంచి, అంటే తాటిచెట్టు నుంచో, స్తంభం నుంచో, ఖాళీ చేలో నిలబడ్డ మనిషి నుంచో, ఇంకో సన్నని నిప్పు పైకి లేస్తుంది. రెండూ కలిసినచోట పిడుగు పడుతుంది. పిడుగుకి ఎవరి మీదా పగ లేదు. అది దగ్గర దారి వెతుక్కుంటుంది, అంతే.

లీడర్ వేసే ఒక్కో అంగకీ రేడియో తరంగాలు పుడతాయి. ఇప్పుడు శాస్త్రవేత్తలు నేల మీద చాలాచోట్ల యాంటెన్నాలు పెట్టి వాటిని వింటారు. ఒకే మెరుపు తరంగం ఒక్కో యాంటెన్నాకి ఒక్కో సమయంలో అందుతుంది. ఆ తేడాని లెక్కకట్టి మెరుపు ఎక్కడో చెబుతారు. 1997లో అమెరికా వాళ్ళు ఫోర్టే అనే ఉపగ్రహం పంపించి, మెరుపుల రేడియో తరంగాలని అంతరిక్షం నుంచి కూడా విన్నారు. కింద నుంచీ పై నుంచీ విన్నది కలిపి చూస్తే మబ్బు లోపలి సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. చాలాసార్లు మబ్బు లోపలే ముందు మెరుపులు ఎక్కువవుతాయి, తర్వాత నేల మీద పిడుగులు పడతాయి. అందుకే ముందుగా హెచ్చరిక ఇవ్వడం వీలవుతోంది.

మన రాష్ట్రంలో ఈ హెచ్చరికలు ఇచ్చే విపత్తుల నిర్వహణ సంస్థ ఎక్కడో లేదు. మంగళగిరి పక్కనే తాడేపల్లిలో ఉంది. 2018 ఏప్రిల్ 24న ఒక్కరోజులో 13 గంటల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు లెక్కపెట్టారు. పోపోవ్ గారి కలం కాగితం మీద ఒక్కొక్క గీత గీసేది. ఇప్పుడు వేలకి వేలు లెక్కపెడుతున్నారు. ఏ మండలంలో పడతాయో ఫోన్లకి మెసేజీ పంపుతున్నారు.

ఈయన గురించే ఎందుకు రాశానంటే

నేను ఏడో తరగతిలో ఉండగా మా చిన్న మామ పిడుగు పడి చనిపోయాడు. చేను కాపలాకి పోయాడు. వాన మొదలైతే తడుస్తానని తాటిచెట్టు కిందికి పోయాడు. అక్కడున్న వాళ్ళు ముట్టుకుంటే కరెంటు కొడుతుందని భయపడి చాలాసేపు దగ్గరికి పోలేదంట. అది తప్పు. పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. వెంటనే ముట్టుకోవచ్చు, ఊపిరి ఆగితే గుండె మీద నొక్కాలి, 108కి ఫోన్ చేయాలి. మామకి అలా చేసుంటే బతికేవాడేమో, బతికేవాడు కాదేమో. నాకు తెలియదు.

నేను పెద్దదినానికి ఇంటికి పోయాను. మామ ఆ రోజు ఫోను ఇంట్లోనే వదిలి పోయాడు. అది దూలానికి కట్టిన సంచిలో ఉంది. నేను ఊరికే నొక్కి చూశాను. మామ పోయిన రోజు మధ్యాహ్నం వచ్చిన మెసేజీ ఉంది. తెలుగులోనే ఉంది. మా మండలం పేరు ఉంది. పిడుగులు పడతాయి, పొలాల్లో చెట్ల కింద ఉండొద్దు అని ఉంది. మామ చనిపోయింది సాయంత్రం. నేను పైకి చదివాను. అత్త నా మొహమే చూస్తా ఉండిపోయింది. ఫోను మోగడం ఆమె విన్నది. కంపెనీ మెసేజీ అనుకుంది. మా కట్ట మీద పదకొండు ఇళ్ళు. ఆ మధ్యాహ్నం అక్కడ చదవగలిగిన వాళ్ళు ఒక్కరూ లేరు. చదవగలిగిన నేను ఇక్కడ హాస్టల్లో సాంఘికశాస్త్రం పరీక్ష రాస్తున్నాను.

చాలా రోజులు నాకు చదువు మీద కోపం వచ్చింది. ఇంటికి పోతానని ఏడ్చాను. కొంతమందికి గుర్తుండే ఉంటుంది.

పోపోవ్ గారి గురించి చదివాక నాకు ఒకటి అర్థమైంది. పిడుగు పడేముందే ఆకాశం కబురు చెబుతుంది. ఆ కబురు వినడం మనుషులు 1895లోనే నేర్చుకున్నారు. అది మబ్బులోంచి యాంటెన్నాకి, అక్కడి నుంచి తాడేపల్లికి, అక్కడి నుంచి మా అత్త ఇంటి దూలం దాకా వచ్చింది. సంచి నుంచి మామ దాకా మాత్రం రాలేదు. మిగిలిన ఆ కాస్త దూరం మనలాంటి వాళ్ళ పని.

అందుకని పోయిన దసరా సెలవుల్లో అత్త ఇంటి గోడ మీద బొగ్గుతో పిడుగు అని పెద్దగా రాశాను. మూడే అక్షరాలు. అమ్మకి, అత్తకి, పక్కింటి పెద్దమ్మకి చూపించాను. మొత్తం చదవక్కర్లేదు, ఫోనులో ఈ మూడు అక్షరాలు ఉన్నాయేమో వెతకండి చాలు అని చెప్పాను. అమ్మ మొదట సిగ్గుపడింది. పండగ వెళ్ళేసరికి ముగ్గురూ గుర్తుపట్టారు.

మొన్న ఎండాకాలంలో మెసేజీ వస్తే అత్త ఆ మూడు అక్షరాలూ చూసి కట్ట పొడుగునా కేకలు పెట్టుకుంటా పోయింది. చేపలకి పోయినవాళ్ళు, చేలో వాళ్ళు అందరూ వచ్చి దగ్గరున్న డాబా బడిలోకి చేరారు. ఆ రోజు మా వైపు పిడుగు పడలేదు. గాలి వచ్చి నాలుగు చినుకులు పడి పోయింది. అందరూ అత్తని ఆటపట్టించారు. అత్త ఏమీ అనలేదంట. నవ్వినవాళ్ళందర్నీ ఒకసారి లెక్కపెట్టుకుందంట.

స్నేహితులారా, మీరు కూడా ఇవి గుర్తుపెట్టుకోండి, సెలవులకి పోయినప్పుడు ఇంట్లో చెప్పండి:

మెరుపు కనబడ్డాక అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. ముప్పై లెక్కపెట్టే లోపల ఉరుము వినబడితే వెంటనే డాబా ఇంట్లోకి పోవాలి.

ఒంటరి చెట్టు కింద, ముఖ్యంగా తాటిచెట్టు కింద నిలబడొద్దు. చెరువులో, కాలవలో ఉంటే బయటికి వచ్చేయాలి.

చివరి ఉరుము వినబడ్డాక ఇంకో అరగంట బయటికి రావొద్దు.

ఉరిమినప్పుడు మా నాయనమ్మ అర్జునుడి పేర్లు తలుచుకుంటుంది. తలుచుకోండి, తప్పు లేదు. కానీ ఇంట్లోకి వచ్చి తలుచుకోండి.

ఈసారి సెలవుల్లో మీరు కూడా మీ ఇంటి గోడ మీద ఆ మూడు అక్షరాలు రాయండి. నేను రాసిన దానిలో తప్పులుంటే టీచర్లు దిద్దవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని